టికెట్టు వాళ్ళకు, కేసు మనకు

వీరాపురం పేరు పేపర్లలో ఏటా ఒకసారి కనిపిస్తుంది. చిలమత్తూరు మండలం, కర్ణాటక సరిహద్దు. 2022 ఏప్రిల్ దాకా అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. చలికాలం వెనకబడేసరికి ఆ ఊరి చింతచెట్ల మీదికి కొంగలు దిగుతాయి. గూళ్ళు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లలకు రెక్కలు వచ్చాక వానాకాలంలో వెళ్ళిపోతాయి. లేపాక్షి బసవన్నను చూసుకొని వచ్చేవాళ్ళు, బెంగళూరు నుంచి శని ఆదివారాలు కార్లలో వచ్చేవాళ్ళు మెడలో మూరెడు కెమెరాలు వేసుకొని ఆ చెట్ల కింద నిలబడతారు. విలేకరి ప్రతి ఏడూ అదే వాక్యం రాస్తాడు. సైబీరియా నుంచి విదేశీ అతిథులు వచ్చేశాయి అని.

అది తప్పు. పుస్తకాల్లో పెయింటెడ్ స్టార్క్ అని ఉండే ఈ కొంగ సైబీరియా మొహం చూడలేదు. మన దేశంలో, శ్రీలంకలో, తూర్పున ఇంకొన్ని దేశాల్లో బతికే పక్షి ఇది. ఈ చెరువులో నీళ్ళు అయిపోతే ఆ చెరువుకు పోతుంది. చేపలు ఎక్కడుంటే అక్కడికి పోతుంది. కరువొస్తే మూట కట్టుకొని బెంగళూరుకు, కేరళకు పోయే మా జిల్లా కూలీలకూ దీనికీ పెద్ద తేడా లేదు. మరి సైబీరియా అని ఎందుకు అంటారు? మన చెరువు పక్షి అంటే విలువ ఉండదు గనక. వేల మైళ్ళ అవతల నుంచి వచ్చిందంటేనే కారు తీసి రావాలనిపిస్తుంది. ఇక్కడే పుట్టి ఇక్కడే బతికేదాన్ని చూసి అబ్బురపడటం మన చదువులు మనకు నేర్పలేదు. పిట్టల సంగతే కాదు, మనుషుల సంగతీ అంతే.

వీరాపురం వాళ్ళు ఆదివాసులు కారు. ఆ మాట ముందే చెప్పాలి, లేకపోతే పొగడ్తలన్నీ మన ఖాతాలో వేసుకున్నట్టు అవుతుంది. వాళ్ళు రైతులు. కొంగలు వస్తే ఆ ఏడు వానలు పడతాయని వాళ్ళ నమ్మకం. పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డలను చూసుకున్నట్టు చూసుకుంటారు. చూడటానికి వచ్చినవాడికి ఆ చెట్టు కింద ఒక గంట బాగానే ఉంటుంది. నెలల తరబడి ఆ చెట్టు కిందే కాపురం చేసేవాళ్ళ సంగతి వేరు. రెట్టల తెలుపు, కుళ్ళిన చేపల కంపు, తెల్లారుజామున ముక్కుల టకటకలు, గూట్లోంచి జారి పడిన పిల్లలు. చింతకాయ పంట మీద ఆశ వదులుకోవాలి. కర్ణాటకలో మండ్య జిల్లా కొక్కరె బెళ్ళూరులో ఇట్లాంటి చెట్ల యజమానులకు అటవీశాఖ కొంత పరిహారం ఇచ్చే పద్ధతి పెట్టింది. అది న్యాయమైన పద్ధతి. పక్షిని కాపాడటమంటే దాని ఖర్చు ఎవరో ఒకరు మోయడం. ఆ ఖర్చు మోసేది చెట్టు కింద ఉన్నవాడే, కెమెరా పట్టుకొని వచ్చినవాడు కాడు.

మరి మన మాటేమిటి? చెట్టు కింద, పొద వెనక, చెరువు గట్టున తరతరాలుగా ఉన్న ఎరుకల, యానాది, చెంచు, సుగాలి, నక్కల వాళ్ళ మాట? మనల్ని కాపలాదారులని ఎవరూ అనరు. మనకున్న పేరు ఒక్కటే, వేటగాళ్ళు. అదైనా మర్యాదగా అంటే. మామూలుగా అనే మాట దొంగలు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒకసారి తెరిచి చూడండి. అభయారణ్యంలోకి ఎవరు అడుగు పెట్టవచ్చో 27వ సెక్షన్ చెబుతుంది. బయటివాళ్ళకు ఏ పనుల మీద అనుమతి ఇవ్వవచ్చో 28వ సెక్షన్ చెబుతుంది. పరిశోధన, వన్యప్రాణుల అధ్యయనం, ఫొటోలు తీసుకోవడం, పర్యాటకం, లోపల ఉండేవాళ్ళతో చట్టబద్ధమైన లావాదేవీలు. ఫొటో ఉంది, పర్యాటకం ఉంది. ఈత బరిగెలు కోసుకొని బుట్ట అల్లుకొని సంతలో అమ్ముకొనే ఎరుకల ముసలమ్మ ఆ పట్టికలో లేదు. తేనెకు పోయే చెంచు లేడు. అంటే, బతుకు కోసం అడవిలోకి పోయేవాడి కన్నా సరదా కోసం పోయేవాడికి చట్టం ముందు నుంచీ తలుపు వారగా తీసి పెట్టింది. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చి చిన్న అటవీ ఉత్పత్తుల మీద, సామూహిక వనరుల మీద మనకు హక్కు ఉందని చెప్పింది. అభయారణ్యాలకూ అది వర్తిస్తుంది. కాగితం మీద అంతా బాగుంది. గేటు దగ్గర మాత్రం ఇంకా 1972 నడుస్తోంది.

పులుల దగ్గర ఈ సంగతి ఇంకా నగ్నంగా కనిపిస్తుంది. 2012 జూలైలో సుప్రీంకోర్టు పులుల రిజర్వుల నడిమి ప్రాంతాల్లో పర్యాటకాన్ని తాత్కాలికంగా ఆపింది. మూడు నెలలు తిరక్కుండానే, అక్టోబరులో, కొత్త మార్గదర్శకాలు వచ్చాయి, ఆ ఆంక్ష పోయింది. నడిమి ప్రాంతంలో గరిష్ఠంగా 20 శాతం దాకా పర్యాటకానికి వదలవచ్చని ఆ మార్గదర్శకాల మాట. 2024 జూన్‌లో జాతీయ పులుల సంరక్షణ సంస్థ రాష్ట్రాలకు ఇంకో లేఖ రాసింది. అదే నడిమి ప్రాంతాల్లో మిగిలి ఉన్న 591 గ్రామాలను, 64,801 కుటుంబాలను బయటికి తరలించే పని ముందుకు నడపండి అని. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకొని చదవండి. జీపులో వచ్చి సాయంత్రానికి పోయేవాడి వల్ల పులికి ఇబ్బంది లేదట. అక్కడే పుట్టినవాడి వల్ల ఉందట. హక్కులు గుర్తించకుండా, గ్రామసభ ఒప్పుకోకుండా ఎవరినీ కదపకూడదని 2006 చట్టం చెబుతూనే ఉంది.

నాగరహొళె కథ మనవాళ్ళందరికీ తెలియాలి. ఆ అడవిలోంచి జేను కురుబలను 1970ల నుంచి బయటికి పంపుతూ వచ్చారు. కాఫీ తోటల్లో కూలీలయ్యారు. వాళ్ళను పంపిన ఆ అడవిలోనే ఒక పేరున్న హోటల్ గ్రూపుకు విడిది నడపటానికి స్థలం లీజుకిచ్చారు. నాగరహొళె బుడకట్టు హక్కు స్థాపన సమితి హైకోర్టుకు పోయింది. 1997లో ఆ లీజు చెల్లదని కోర్టు చెప్పింది. గెలిచింది ఆదివాసులు. అయినా వాళ్ళు ఇళ్ళకు పోలేదు. హోటలు ఆగింది, అంతే. కేరళలో ముత్తంగ అభయారణ్యంలో 2003 ఫిబ్రవరి 19న ఏం జరిగిందో ఇంకా గుర్తున్నవాళ్ళు ఉన్నారు. సి.కె. జాను, గీతానందన్ల వెంట భూమి అడగటానికి పోయిన ఆదివాసుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఒక ఆదివాసీ, ఒక పోలీసు చనిపోయారు. ఇవాళ ముత్తంగ వయనాడు యాత్రికులు తప్పకుండా చూడాల్సిన జాబితాలో ఉంటుంది. జీపు సఫారీ ఎన్ని గంటలకో ఉంటుంది. 2003 ఉండదు.

ఇక వేట మాట. పక్షులను తుపాకీతో కాల్చిందెవరు?

తమిళనాడులో చెంగల్పట్టు దగ్గర వేడంతాంగల్ ఉంది. దక్షిణాదిలో పక్షుల కేంద్రం అనగానే ముందు చెప్పే పేరు అది. ఆ చెరువు మీద దొరల సిపాయిలు సరదాకు కొంగలను కాలుస్తుంటే ఊరివాళ్ళు పోయి కలెక్టరు దగ్గర మొరపెట్టుకున్నారు. కొంగల రెట్టలు కలిసిన నీళ్ళు పొలానికి బలమని వాళ్ళకు తెలుసు. 1798లో ఆ కలెక్టరు, లయొనెల్ ప్లేస్, పక్షులను కాపాడుకొనే హక్కు ఊరిదేనని రాసిచ్చాడు. అంటే పక్షుల రక్షణ ఈ గడ్డ మీద మొదలైంది అటవీశాఖ పుట్టాక కాదు. తుపాకీవాడి మీద పల్లెవాడు చేసిన ఫిర్యాదుతో మొదలైంది. బందిపూర్ మైసూరు మహారాజుల వేట మైదానం. పులి తల గోడకు తగిలించుకున్నవాడు రాజు, దొర. ఉచ్చుతో కౌజుపిట్ట పట్టినవాడు నేరస్థుడు.

నేరస్థుడు అనే మాట నేను ఊరికే వాడలేదు. 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మార్చి మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు. అప్పుడు అనంతపురం మద్రాసులోనే ఉంది. మా ఎరుకలవాళ్ళు పుట్టుకతోనే నేరస్థులయ్యారు. పోలీసు దగ్గర హాజరు వేయించుకోవాలి, చెప్పకుండా ఊరు దాటకూడదు. 1952లో ఆ చట్టం పోయింది. డెబ్భై ఏళ్ళు దాటింది గదా అంటారు. చట్టం పోయింది గాని చూపు పోలేదు. ఆ చూపు పోలీసు స్టేషను నుంచి అడవి గేటుకు మారింది.

సలీం అలీ గొప్పవాడు, ఆయన్ను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆయన పక్షుల లోకంలోకి ఎట్లా వచ్చాడో ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నాడు. చిన్నప్పుడు బొమ్మ తుపాకీ లాంటి ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టాడు. దాని గొంతు మీద పసుపు మచ్చ. అదేం పిట్టో తెలుసుకోవడానికి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి తీసుకుపోయాడు. అక్కడి కార్యదర్శి మిలార్డ్ ఆ పిల్లవాణ్ణి తిట్టలేదు. అరలు లాగి వందల పక్షుల చర్మాలు చూపించాడు, పుస్తకాలు ఇచ్చాడు. ఆ పిల్లవాడు దేశం గర్వించే పక్షి శాస్త్రవేత్త అయ్యాడు, 1976లో పద్మవిభూషణ్ వచ్చింది. మంచిదే. మా తాండా పిల్లవాడి చేతిలో క్యాటర్‌బల్ల ఉంటే అతనికి అరలు లాగి చూపించే మిలార్డ్ ఎవరు? చెవి మెలిపెట్టే గార్డు ఉన్నాడు. బడిలో మనమూ ఉన్నాం, బెత్తం పట్టుకొని.

ఇప్పుడు మన పక్క జిల్లా కథ. నా దృష్టిలో ఈ వాదన మొత్తానికి ఇదొక్కటి చాలు.

కలివికోడి. కడప, అనంతపురం ప్రాంతాల్లో పెన్నా లోయ ముళ్ళపొదల్లో బతికిన పక్షి. రెండు పట్టీలు ఛాతీ మీద, పొడుగు కాళ్ళు, పొదల మధ్య ఖాళీ నేల మీద పరుగెత్తుతుంది. 1848లో దాన్ని శాస్త్రం పుస్తకాల్లో ఎక్కించారు. జెర్డాన్ అనే ఆంగ్ల సైనిక వైద్యుడి పేరు పెట్టారు, జెర్డాన్స్ కోర్సర్. 1900 తర్వాత అది ఎవరికీ కనిపించలేదు. అంటే, రాసుకునే వాళ్ళకెవరికీ కనిపించలేదు. అంతరించిపోయిందన్నారు. వెతకటానికి వచ్చినవాళ్ళు పగటి పూట దుర్భిణీలు పట్టుకొని తిరిగారు, దొరకలేదు, పోయారు. 1980ల్లో బొంబాయి సొసైటీ మళ్ళీ వెతుకులాట మొదలుపెట్టింది. ఈసారి వచ్చిన భరత్ భూషణ్ ఒక తెలివైన పని చేశాడు. పక్షి బొమ్మ పట్టుకొని పల్లెల్లో పిట్టలు పట్టేవాళ్ళను అడిగాడు. వాళ్ళు బొమ్మ చూసి గుర్తుపట్టారు. కలివి పొదల్లో ఉండేది, రాత్రి తిరిగేది. ఎనభై ఆరేళ్ళు శాస్త్రం పగలు వెతికింది, పక్షి రాత్రి తిరిగింది. ఆ సంగతి తెలిసినవాడిని అడగాలని ఎవరికీ తోచలేదు.

1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే వేటగాడు రాత్రి టార్చి వెలుగులో ఆ పక్షిని చేత్తో పట్టుకొచ్చాడు. అంతరించిపోయిన పక్షి బతికే ఉంది. దేశమంతా వార్త. 1988లో దాని బొమ్మతో తపాలా బిళ్ళ వచ్చింది. అదే ఏడు దాని కోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. పక్షి పేరు మాత్రం జెర్డాన్‌దే. ఐతన్న పేరు పక్షుల పుస్తకాల్లో ఒక్క ముక్కగా ఉంటుంది, ఇంటిపేరు కూడా లేకుండా, స్థానిక వేటగాడు అని పక్కన. అదైనా రాసినందుకు ఆ శాస్త్రవేత్తలకు దండం పెట్టాలి, చాలామందికి ఆపాటి కూడా దక్కదు. ఐతన్న ఏ కులమో, ఏ తెగో నేను మాట్లాడటం లేదు. ఆయన పని మన పని. ఆ పొద కింద రాత్రి చెవి పెట్టి కూర్చునే విద్య మన విద్య. ఆ విద్య ఉన్న చేతులతోనే ఆ పక్షి మళ్ళీ లోకంలోకి వచ్చింది. అభయారణ్యం ప్రకటించాక అదే విద్య నేరమయింది.

ఆ తర్వాత ఏమైంది? 2005లో తెలుగుగంగ కాలువ తవ్వే యంత్రాలు దాని పొదల్లోకి దిగాయి. గొడవలయ్యాక కాలువ దారి మార్చారు. ఉచ్చులు పన్నే చేతుల మీద నిఘా పెట్టినంతగా ఆ యంత్రాల మీద పెట్టి ఉంటే అక్కడి దాకా వచ్చేది కాదు. పక్షి జాడ మళ్ళీ పట్టడం కష్టమైపోయింది. కెమెరాలు పెడతారు, నేల మీద అడుగులు పడే ఇసుక పట్టీలు వేస్తారు. మంచిదే. ఆ పల్లెల్లో ఆ విద్య తెలిసినవాళ్ళు ఇంకా ఎందరు మిగిలారు, వాళ్ళ పిల్లలకు నేర్పారా, లేక కేసు భయానికి మరిచిపోయారా అనేది కూడా లెక్క పెట్టాలి.

రోళ్ళపాడు పేరు పక్షి ప్రేమికులందరికీ తెలుసు. పాత కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల. 1988లో బట్టమేక పిట్ట కోసం 614 హెక్టార్ల గడ్డిమైదానం అభయారణ్యం చేశారు. హద్దులు, కాపలా, గోపురం, అన్నీ ఉన్నాయి. ఇవాళ బోర్డు మీద బట్టమేక ఉంది. మైదానంలో కృష్ణజింకలున్నాయి. బట్టమేక కనిపించడం గగనమైపోయింది. ఎందుకంటే ఆ పిట్ట 614 హెక్టార్లలో బతికేది కాదు. చుట్టూ ఉన్న కొర్ర చేలు, జొన్న చేలు, బీళ్ళు అన్నీ దాని ఇల్లే. కాలువ నీళ్ళొచ్చి పంటలు మారాయి, బీళ్ళు పోయాయి. దేశం మొత్తం మీద బట్టమేకలు నూటయాభై లోపు అంటున్నారు, ఎక్కువ భాగం రాజస్థాన్‌లో. అక్కడా కరెంటు తీగలకు గుద్దుకొని చస్తున్నాయన్న గొడవ సుప్రీంకోర్టు దాకా పోయింది, 2021లో కోర్టు ఉత్తర్వులిచ్చింది. మా అనంతపురంలో గడ్డిబీడు అంటే రెవెన్యూ పుస్తకంలో బంజరు. గొర్రెలు మేసే చోట, కౌజులు పొదిగే చోట గాలిమరలు, సోలార్ పలకలు లేచాయి. నంబులపూలకుంటలో చూడండి. దాని మీద కేసు లేదు. ఒక కుందేలు పట్టినందుకు ఉంటుంది.

మనవాళ్ళు వేటాడలేదా అని అడుగుతారు. వేటాడారు. పూరేళ్ళకు వల వేశారు, ఉడుమును తవ్వి తీశారు, కుందేలుకు ఉచ్చు పెట్టారు. ఇప్పటికీ పెట్టేవాళ్ళున్నారు. నేను దాచను. 2006 చట్టం కూడా వేట హక్కు ఇవ్వలేదు, నేను అడగటమూ లేదు. కానీ తిండికి పట్టినదానికీ అమ్మకానికి పట్టినదానికీ తేడా తెలియాలి. పట్టిన పూరేళ్ళ జతలు రోడ్డు పక్కన వేలాడేది ఎవరి కోసం? కారు ఆపి బేరం చేసేదెవరు? పట్టినవాడి మీద కేసు ఉంటుంది, కొన్నవాడు హారన్ కొట్టుకొని పోతాడు. అతనే ఇంకో ఆదివారం కెమెరాతో చెట్టు కింద నిలబడి ఉండవచ్చు. మన పెద్దలకు గుడ్ల కాలంలో పట్టకూడదని, పొదిగే పిట్ట జోలికి పోకూడదని కట్టుబాట్లుండేవి. అవి ఎక్కడా రాసి లేవు గనక చట్టం వాటిని చూడలేదు. వాటిని మరిచిపోయిన మనవాళ్ళను నేనేం సమర్థించను. ఆ తప్పు మనలో మనం మాట్లాడుకుందాం, గట్టిగానే.

మా జిల్లాలో షెడ్యూల్డు ప్రాంతం అంగుళం కూడా లేదు. ఏజెన్సీ మిత్రులు కొందరు మైదానం గిరిజనులకు అడవి గొడవ ఏముంటుంది అంటారు. సాలుకు 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే ఈ నేలలో అడవి అంటే ఈత పొదలు, తుమ్మ, కలివి, బండల గుట్ట. అయినా దాని మీద బతికాం. కల్యాణదుర్గం, కుందుర్పి వైపు గుట్టల్లో ఎలుగుబంట్లున్నాయి. ఉరవకొండ నల్లరేగడి చేలల్లో జింకల మందలు చెనక్కాయ చేను మేసి పోతాయి. రైతు రాత్రంతా కాపలా ఉంటాడు. హంపి పక్కన దరోజిలో ఎలుగుబంట్ల అభయారణ్యం 1994లో పెట్టారు. బండకు బెల్లం పాకం లాంటిది పూస్తే సాయంత్రం ఎలుగులు దిగి వస్తాయి, ఎదురు గోపురం మీద జనం చూస్తారు. అదే ఎలుగు మా గుట్ట దిగి తాండా దగ్గర ఆడమనిషి మీద పడితే వార్త నాలుగు లైన్లు. చూసేవాడికి ఎలుగు సాయంత్రం ఆరుగంటల బొమ్మ. మాకు రాత్రి బయటికి పోవడానికి భయం.

ఇవన్నీ రాయడానికి ఒక కారణం బడి. కొన్నేళ్ళ కిందట మా పిల్లలను ఒక పక్షుల అభయారణ్యానికి తీసుకుపోయాం. ఏదో చెప్పను, ఎక్కడైనా ఇంతే జరిగి ఉండేది. గేటు దగ్గర ఏ ఊరు, ఎవరి పిల్లలు అని అడిగారు. చెప్పాం. సద్ది సంచులు విప్పమన్నారు, ఒక్కొక్కటీ తడిమి చూశారు. మా వెనకే వచ్చిన ఇంకో బడి బస్సు నేరుగా లోపలికి పోయింది. లోపల మాకు చూపించే ఆయన నీళ్ళ మీద మెడ బయటపెట్టి ఈదుతున్న పక్షిని నీటికాకి అన్నాడు. ఐదో తరగతి పిల్లవాడు, ఎరుకల పిల్లవాడే, చెయ్యెత్తి, "సార్, అది నీటికాకి గాదు, పాముకొంగ. మెడ జూడండి, ఈటె మాదిరి ఉంది" అన్నాడు. వాడు చెప్పిందే నిజం. ఆయన నవ్వి, "నీకెట్లా తెలుసురా, పట్టి తింటారా మీరు?" అన్నాడు. అందరూ నవ్వారు. మాతో వచ్చిన టీచర్లలోనూ నవ్వినవాళ్ళున్నారు. ఆ పిల్లవాడు సాయంత్రం దాకా మళ్ళీ నోరు తెరవలేదు. బడికి వచ్చాక నేను పక్షుల పాఠం చెబుతుంటే తెలిసిన పేరు కూడా చెప్పలేదు.

విహారయాత్ర పిల్లల జ్ఞానం పెంచుతుందని టీచరు ట్రైనింగులో చదువుకున్నాం. తెలిసినదాన్ని తెలియదని చెప్పించే విహారయాత్ర గురించి ఆ పుస్తకంలో లేదు. ఆ పిల్లవాడు ఆరోజు నేర్చుకున్న పాఠం ఒక్కటే, మన ఇంట్లో తెలిసింది బయట చెబితే నేరం ఒప్పుకున్నట్టు.

వేరే దారి లేదా అంటే ఉంది, పక్క రాష్ట్రంలోనే. కర్ణాటక బిళిగిరి రంగన కొండల్లో సోలిగలు తమ సామూహిక అటవీ హక్కులు 2011లో సాధించుకున్నారు. పులుల రిజర్వు లోపల అట్లా హక్కులు గుర్తించడం దేశంలో అదే మొదలు. పులులు పారిపోలేదు, ఆ వెంటనే వచ్చిన లెక్కలో పెరిగాయి. మన నల్లమలలో చెంచులు పులి అడుగులు చూసి లెక్క చెబుతారు, మంటలార్పుతారు, దొంగ కలపను పట్టిస్తారు. బైర్లూటి, పచర్ల శిబిరాల్లో వచ్చినవాళ్ళకు దారి చూపిస్తారు, వండి పెడతారు. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల రిజర్వు వాళ్ళ కాళ్ళ మీద నడుస్తోందంటే అతిశయోక్తి కాదు. అయినా ఎక్కువమందిది కూలి లెక్క. అడవిని చదవగలిగినవాడికి ఉద్యోగానికి కావలసిన చదువు లేదంటారు. చదువు అంటే ఏమిటో ముందు తేల్చుకుందాం.

నేను పక్షులను చూడటానికి రావద్దని అనడం లేదు. రండి. చూడండి. టికెట్టు డబ్బులో వాటా ఆ ఊరి గ్రామసభకు పోవాలి, ఏ మేరకో గ్రామసభే చెప్పాలి. దారి చూపించేవాళ్ళను ఆ చుట్టుపక్కల తెగల నుంచే తీసుకోవాలి, దినకూలికి కాదు, నెల జీతానికి. బోర్డు మీద పక్షి పేరు లాటిన్‌లో రాసే చోట మన భాషల్లో ఉన్న పేరు కూడా రాయాలి, కుర్రులో, బంజారాలో, చెంచుల మాటలో. రెడ్డిపల్లిలో, లంకమల గేటు దగ్గర ఐతన్న పేరు పెట్టాలి. ఉచ్చు కేసుల్లో ఇరుక్కున్న మనవాళ్ళకు శిక్ష బదులు ఆ విద్యకే పని ఇచ్చే మార్గం వెతకాలి. ఈ సంకలనం చదివే మిత్రుల్లో మన జిల్లాల టీచర్లు ఉంటారు. వాళ్ళను ఒక్కటి అడుగుతున్నాను. ఈసారి పిల్లలను బయటికి తీసుకుపోయేటప్పుడు, దారి చూపించే మనిషిని మీ తాండా నుంచే తీసుకుపోండి.

మేం ఈ ఏడు వీరాపురం పోతున్నాం. మా వెంట మా ఊరి ముసలాయన ఒకాయన వస్తానన్నాడు. ఒకప్పుడు వల వేసిన మనిషి, ఇప్పుడు బుట్టలు అల్లుతాడు. చీకట్లో గొంతు విని పిట్ట పేరు చెబుతాడు. ప్రయాణం ఖర్చుల కాగితంలో గైడు అని రాసి ఆయన పేరు పెట్టాను, భత్యం 500 రూపాయలు అడిగాను. విద్యార్హత అనే గడి ఒకటుంది. అందులో పిట్టలు అని రాశాను. కాగితం వెనక్కి వచ్చింది, గడి సరిగా నింపమని. మళ్ళీ అదే రాసి పంపాను.